ఎలెవెన్త్ అవర్ టైలర్స్, వనపర్తి

వనపర్తి బస్టాండు దాటి పాత బజారు వైపు నాలుగడుగులు వేస్తే ఎడమ చేతి పక్కన నబీ సాబ్ దుకాణం. ముప్పయ్యేళ్ళుగా అక్కడే ఉంది. ఆయన కుట్టిన కోటు తొడుక్కుని పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుకులు ఈ చుట్టుపక్కల ఊరికి పదిమందైనా ఉంటారు. వాళ్ళలో ఒక్కడికైనా ఆ కోటు పెళ్ళికి ముందురోజు చేతికి అందిందేమో అడిగి చూడండి. అందలేదు. అందితే అది నబీ సాబ్ కుట్టింది కాదు.

ఆయనకు పని రాక కాదు, బద్ధకమూ కాదు. అదొక సిద్ధాంతం. వారం ముందు బట్ట ఇచ్చామనుకోండి, పెళ్ళికొడుకు అద్దం ముందు నిలబడతాడు. తల్లి వచ్చి వదులుంది అంటుంది. బావమరిది వచ్చి బిగుసుకుంది అంటాడు. కుట్టు మళ్ళీ విప్పాలి. అదే బట్ట బాజాలు మోగుతున్నప్పుడు ఇచ్చామనుకోండి, అద్దం చూసుకునే తీరిక ఎవడికుంటుంది? చంక దగ్గర పట్టేసినా సరే, దేవుడిలా వచ్చావని చేతులు పట్టుకుంటారు. అందుకని నబీ సాబ్ ముప్పయ్యేళ్ళలో ఎవరినీ నిరాశపరచలేదు, ఎవరినీ ప్రశాంతంగా ఉండనివ్వలేదు.

మధ్యలో ఎవరైనా వచ్చి అడిగితే ఆయన దగ్గర ఒకే మాట ఉంది.

"అయిపోయినట్టే. కాజాలే మిగిలినయి."

ఆ మాట అంటూ కొక్కేనికి వేలాడుతున్న ఏదో ఒక చొక్కాను టేపుతో చూపించేవాడు. వచ్చినవాడు దాన్ని తనదే అనుకుని, కాలరు బాగా వచ్చిందని మెచ్చుకుని వెళ్ళేవాడు. వాడి గుడ్డ అప్పటికి సంచిలోంచి బయటకు కూడా వచ్చి ఉండదు. ఒకే చొక్కాను ఒకే రోజు నలుగురు మెచ్చుకున్న సందర్భాలు ఉన్నాయి.

మరి నిజంగా కాజాలు మిగిలినప్పుడు ఆ పని ఎవరిది? దుకాణానికి వెనక పరదా ఉంది, పరదా వెనక ఇల్లు, ఇంట్లో హుసేన్‌బీ. నబీ సాబ్ భార్య. గుండీ పట్టే కాజాలు, అంచు మడిచే తుర్పాయి అంతా ఆమె చేతిపనే. బజార్లో కాజాల మిషను వచ్చి పదిహేనేళ్ళయింది. నబీ సాబ్ ఒప్పుకోలేదు. "మా తాన చేతికాజా ఉంటది, మిషనుది కాదు" అని రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. ఎవరి చెయ్యి అన్నది మాత్రం చెప్పేవాడు కాదు. ఆయన ఆఖరు నిమిషం దాకా ఆపిన ప్రతి బట్టా ఆమె ఒళ్ళోనే వచ్చి పడేది. బయట మెప్పు ఆయనకు, లోపల మెడనొప్పి ఆమెకు. ఈ పంపకం మీద ఇద్దరూ ఎన్నడూ గొడవపడలేదు. గొడవపడటానికి ఆమెకు ఖాళీ దొరకలేదు.

బోర్డు సంగతి చెప్పాలి. అరవింద్ అని ఉప్పునుంతల రైతుబిడ్డ, ఇంగ్లీషులో ఎమ్మే చేశాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకని ప్యాంటూ చొక్కా కుట్టమని ఇచ్చాడు. హైదరాబాదు బస్సు కదిలి గేటు దాటుతుండగా నబీ సాబ్ పొట్లం పట్టుకుని పరుగెత్తి కిటికీలోంచి అతని ఒళ్ళోకి విసిరాడు. ఉద్యోగం వచ్చింది, అదీ వనపర్తి జూనియర్ కాలేజీలోనే. ఆ కుర్రవాడు మిఠాయి డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"నబీ సాబ్, ఎట్ ది ఎలెవెన్త్ అవర్ బతికించినవ్" అన్నాడు.

"అంటే ఏంది సారూ?"

"పదకొండో గంట అని. పాతకాలంల పొద్దు పొడిచిన కాడికెళ్లి పొద్దు గుంకేదాక పన్నెండు గంటలు లెక్కవెడుతుండిరి. పదకొండో గంట అంటే ఇంక ఒక్క గంటనే ఉన్నట్టు. అంత ఆఖరుకొచ్చినంక గూడ పని అందుకుంటే ఈ మాట అంటరు."

నబీ సాబ్ కత్తెర కింద పెట్టాడు. ముప్పయ్యేళ్ళుగా తాను చేస్తున్నదానికి ఇంగ్లీషులో ఒక పేరుందని, అదీ ఇంత గౌరవమైన పేరని ఆయనకు ఆ రోజే తెలిసింది. తాను తిన్న తిట్లన్నీ కడుక్కుపోయినంత సంతోషమేసింది. అరవింద్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. లెక్చరరు కదా, సగంలో ఆపలేడు.

"కాని వాడేటప్పుడు ఒకటి యాదుంచుకోవాలె. పని అయితేనే ఆ మాట. పన్నెండు కొట్టినంక వాడరాదు."

ఈ రెండో ముక్క నబీ సాబ్ చెవిన పడలేదు. ఆయన మనసు అప్పటికే బోర్డుకు ఏ రంగు వేయించాలా అనే దగ్గర ఉంది.

కొత్తకోటలో లారీల వెనక అక్షరాలు రాసే ఒక పెయింటరుకు పని అప్పజెప్పాడు. వారంలో ఇస్తానన్నవాడు రెండు నెలలు తిప్పాడు. వెళ్ళినప్పుడల్లా "అయిపోయింది సాబ్, వార్నిషే మిగిలింది" అనేవాడు. నబీ సాబ్‌కు ఒళ్ళు మండిపోయింది. మనిషన్నాక టైమంటే టైము ఉండాలని, మాట నిలబెట్టుకోలేనివాడు పని ఎందుకు ఒప్పుకోవాలని ఇంటికొచ్చి అరగంట తిట్టాడు. హుసేన్‌బీ ఒక చొక్కాకు ఆరో కాజా కుడుతూ అంతా విన్నది. దారం కొరికి, "అవునజీ, గట్లాంటోళ్లకు ఇయ్యరాదు" అన్నది. ఆమె మొహంలో నవ్వేమైనా ఉందేమో ఆయన చూడలేదు.

ఎట్టకేలకు ఎర్రటి అక్షరాలతో ‘ఎలెవెన్త్ అవర్ టైలర్స్’ అని బోర్డు లేచింది. తక్కిన దర్జీల బోర్డుల మీద ‘అర్జెంట్ డెలివరీ’ అని ఉంటుంది. "వాళ్లు అబద్ధం రాసుకున్నరు, నేను నిజం రాసుకున్న" అనేవాడు నబీ సాబ్. కాలేజీ పిల్లలు బోర్డు ముందు ఫోటోలు దిగారు. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆయన అర్థం చెప్పేవాడు. మొదటి ముక్క మాత్రమే చెప్పేవాడు.

ఇదంతా బాగానే ఉంది. ఇప్పుడు హుసేన్‌బీ కన్ను దగ్గరికి రావాలి.

పోయిన ఏడాది రంజాన్ ముందు ఆమె ఒకరోజు చెప్పింది. "అజీ, బల్బు సుట్టూత రంగురంగుల సింగిడి కనవడుతుంది."

"మంచిదే గదనే. వాన పడకుంటనే సింగిడి ఎవలకు కనవడతది?"

తల నొప్పెడుతోందన్నది. జండూ బామ్ తెచ్చిచ్చాడు. కుడి పక్కన పెట్టిన చాయ్ గ్లాసు రెండుసార్లు చేయి తగిలి ఒలికింది. ఒకసారి తెల్ల చొక్కా మీద ఒలికింది. చూసుకుని పెట్టుకోవద్దా అని కసిరాడు. చూసుకునే పెట్టానని ఆమె అనలేదు.

వీళ్ళకు ఒక్కతే కూతురు, సమీనా. నాగర్‌కర్నూల్‌లో ఇచ్చారు, అక్కడే అంగన్‌వాడీ టీచరు. పండక్కి వచ్చిన పిల్ల, తల్లి దర్వాజకు కుడి భుజం కొట్టుకుని వెళ్ళడం చూసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. మహబూబ్‌నగర్‌లో ఒక ట్రస్టువాళ్ళ కంటి దవాఖానలో పేరు రాయించి తారీఖు తీసుకుంది. ప్రతి గురువారం పేషెంట్లను తీసుకెళ్ళడానికి వనపర్తికి వాళ్ళ వ్యాను కూడా వస్తుంది. ఖర్చు లేదు, కష్టం లేదు, వెళ్ళి కూర్చోవడమే.

మొదటి తారీఖు వచ్చేసరికి బడి పిల్లల యూనిఫాములు మీద పడ్డాయి. రెండోదానికి శ్రావణం పెళ్ళిళ్ళు అడ్డమొచ్చాయి. మూడోదానికి ఏ అడ్డమూ లేదు గానీ, ఆ రోజు ఇవ్వాల్సిన బట్టలను నబీ సాబ్ యథాప్రకారం ఆ రోజు దాకా ఆపి ఉంచాడు. కూతురు ఫోన్ చేసి, "అబ్బాజాన్, అమ్మీని తోలిస్తున్నవా లేదా" అని గట్టిగా అడిగేది.

"తోలిస్తున్న బిడ్డా. అయిపోయినట్టే. కాజాలే మిగిలినయి."

నోటికి అలవాటైన మాట కదా, గిరాకీకి చెప్పినట్టే బిడ్డకూ చెప్పేవాడు. హుసేన్‌బీ కూడా సరేనని మళ్ళీ సూది అందుకునేది. కన్నేగా, ఎక్కడికి పోతుంది, ఆఖరున చూపించినా చూపించినట్టే అని ఆయన ధీమా. బోర్డు మీద అదే కదా రాసి ఉంది.

నాలుగో తారీఖు మాఘమాసంలో పడింది. ఈసారి సమీనా తండ్రిని నమ్మలేదు. పొద్దున్నే బస్సెక్కి నాగర్‌కర్నూల్ నుంచి తానే వచ్చి కూర్చుంది. వ్యాను తొమ్మిదింటికి. ఎనిమిదిన్నరకు హుసేన్‌బీ తొడుక్కుందామని బురఖా చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే దుకాణం ముందు కారు ఆగి, వీపనగండ్ల బాలయ్య, ఆయన కొడుకు మధు దిగారు. ఆ రోజే మధు పెళ్ళి, వనపర్తి ఫంక్షన్ హాల్లో. ప్యాంటుంది, బూట్లున్నాయి, నుదుట బాసింగం కూడా ఉంది. లేనిదల్లా కోటు.

నబీ సాబ్ కోటు పట్టుకుని పరదా తీసి లోపలికి వచ్చాడు. "రెండంటె రెండే కాజాలు. కుట్టి పోండ్రి. వ్యాను ఏడికి పోతది?"

"అబ్బాజాన్, అది ఆగదు" అన్నది సమీనా.

"పెండ్లిపిలగాడు నిలవడ్డడు బిడ్డా, గిట్ల పంపుతమా?"

హుసేన్‌బీ కూతురి వైపు చూసి, బురఖా పక్కన పెట్టి కూర్చుంది. మొదటి కాజా ఎప్పటిలాగే కుదిరింది. రెండోదానికి చిన్న కత్తెరతో గుడ్డను తెగ్గొట్టింది. నల్ల కోటు మీద తెల్ల సుద్దగీత అంత స్పష్టంగా ఉంటే, కత్తెర దానికి అంగుళన్నర ఇవతల పడింది.

"ఏం జేసినవే!" అని అరిచాడు నబీ సాబ్. దర్జీవాడికి దానికన్నా పెద్ద ఉపద్రవం లేదు. తప్పు కుట్టు విప్పొచ్చు, తెగిన గుడ్డ అతకదు.

"గీత మీదనే గదా కోసిన" అన్నది ఆమె. వేలితో తడిమి చూసుకుంది. దారం తెంపడానికి కత్తెర కోసం చేయి చాచింది. కత్తెర ఆమె కుడి మోకాలి పక్కనే, జానెడు దూరంలో ఉంది. చెయ్యి ఆ చుట్టుపక్కలంతా చాప మీద తిరుగుతోంది గానీ కత్తెర మీదికి రావడం లేదు.

నబీ సాబ్ నెమ్మదిగా ఆమె కుడి చెంప పక్కన తన చేయి ఆడించాడు. ఆమె రెప్ప వాల్చలేదు. ఇంకొంచెం దగ్గరగా ఆడించాడు. ఆమె ఇంకా కత్తెర వెతుకుతూనే ఉంది.

బయటి నుంచి బాలయ్య గొంతు వినిపించింది. "నబీ సాబ్, ఇంకెంత సేపు?"

"కాజాలే మిగిలినయి" అన్నాడు నబీ సాబ్. ఆ మాట ఆయన అనలేదు, నోరు అన్నది.

కోటు సంగతి మీకు బెంగక్కర్లేదు. ముప్పయ్యేళ్ళ అనుభవం ఊరికే పోదు. కోత మీద సన్నగా రఫూ చేసి, దాని మీద గులాబీ రంగు రిబ్బను పువ్వు ఒకటి కుట్టేశాడు. పెళ్ళికొడుక్కి అందమే వచ్చింది. బాలయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నీ బోర్డు కరెక్టే రాసినవ్ నబీ సాబ్. ఆఖరుకు ఇజ్జత్ నిలవెట్టినవ్."

ఎప్పుడూ అలాంటి మాటకు చేయి గుండె మీద పెట్టుకుని సలాం చేసే నబీ సాబ్, ఆ చేతులు విడిపించుకుని పట్టపగలు షట్టరు కిందికి లాగాడు. వ్యాను వెళ్ళి పావుగంటయింది. ముగ్గురూ ఆర్టీసీ బస్సెక్కారు.

దవాఖానలో మధ్యాహ్నం దాకా పరీక్షలు చేశారు. డాక్టరమ్మ చిన్నవయసుది, నెమ్మదైన మనిషి. ఇది శుక్లం కాదు, నీటికాసులు అన్నది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుందట. కుడి కన్ను చాలావరకు పోయింది. ఆపరేషన్ చేసినా, మందులు వేసినా పోయిన చూపు వెనక్కి రాదు. ఎడమ కన్నులో మొదలైంది, దాన్ని మాత్రం నిలబెట్టొచ్చు. పొద్దున ఏడింటికి ఒక చుక్క, సాయంత్రం ఏడింటికి ఒక చుక్క, బతికినన్నాళ్ళూ. ఒక్క పూట కూడా తప్పకూడదు.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగింది.

"ఏడాదైతుందమ్మా" అన్నది హుసేన్‌బీ.

"ఏడాదా? మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

డాక్టరమ్మ అడిగింది నబీ సాబ్‌ను చూసి. ఎంత గట్టి గిరాకీ వచ్చి నిలదీసినా మాటకు తడుముకోని మనిషి, టేబులు మీది కంటి బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. హుసేన్‌బీయే జవాబిచ్చింది.

"కాజాలు కుట్టిన్నమ్మా."

ఆమె ఎత్తిపొడవలేదు. అడిగినదానికి ఉన్నది చెప్పింది. సమీనా మొహం తిప్పుకుని ఏడ్చింది.

రెండు వారాల తర్వాత అరవింద్ ప్యాంటు కోసం వచ్చాడు. సహజంగానే అది కాలేదు. నబీ సాబ్ స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

"సారూ, ఆ పదకొండో గంట ముచ్చట మల్ల జర చెప్పు. పన్నెండు కొడితే ఏందో అన్నవు గదా."

"పన్నెండు కొట్టినంక ఆ మాట వాడరాదన్న."

"మరి అప్పుడు వాడే మాటేంది?"

అరవింద్‌కు విషయం తెలుసు, ఊరందరికీ తెలుసు. ఎంత చదువుకున్నా మంచి మాట దొరకలేదు. "ఉత్త లేటు అంటరు, నబీ సాబ్" అన్నాడు చివరికి.

నబీ సాబ్ తలూపాడు. దానికి బోర్డు అక్కర్లేదు కదా అనుకున్నట్టున్నాడు.

బోర్డు అయితే తీయలేదు. మనిషి మారిపోయాడని, ఇప్పుడు వారం ముందే బట్టలిస్తున్నాడని నేను చెబితే మీరు నమ్మొద్దు. ఇప్పుడూ ఆలస్యమే, కాకపోతే ఈ ఆలస్యం వేరు. హుసేన్‌బీని సూది ముట్టనివ్వడం లేదు. చేతికాజా అని అన్నేళ్ళు గొప్పలు పోయినవాడికి మిషను దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. తానే కుట్టడానికి కూర్చున్నాడు. తన చేతికి కాజా రాదని ముప్పయ్యేళ్ళ దర్జీకి అప్పుడు తెలిసింది. కుట్టి పరదా వెనక్కి తీసుకెళ్తే ఆమె బొటనవేలు పెట్టి అంచు చుట్టూ ఒకసారి రాస్తుంది. చూడక్కర్లేదు ఆమెకు.

"విప్పు" అంటుంది.

విప్పి మళ్ళీ కుట్టుకొస్తాడు. మళ్ళీ "విప్పు" అంటుంది. ఒక్కో చొక్కాకు రెండు రోజులు పడుతోంది. బయట గిరాకీ నిలబడి అరుస్తుంది. "నిజంగ అయిపోయినయి, కాజాలే మిగిలినయి, అల్లా కసమ్" అంటాడు నబీ సాబ్. అదే ఆయన జీవితంలో మొదటిసారి చెప్పిన నిజం. ఒక్కడూ నమ్మడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన టైము తప్పడు. ఏడింటికి పది నిమిషాలుండగా కొలత తీస్తున్నవాణ్ణి తీస్తున్నట్టే వదిలేసి, టేపు మెడలో వేసుకుని లోపలికి వస్తాడు. చేతులు కడుక్కుంటాడు. మందు సీసా మూత తీసి, గోడ గడియారం కింద నిలబడతాడు.

మొన్నొక సాయంత్రం అలాగే వచ్చాడు. హుసేన్‌బీ వాకిట్లో చాట ముందు పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఏడు కావడానికి ఐదు నిమిషాలుంది.

"ఏడైతుంది, రా" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. చాటలో గింజలను ఎడమ పక్కకు, కంటికి ఆనే వైపుకు జరుపుకుంది.

"జర ఆగజీ. కాజాలే మిగిలినయి."

నబీ సాబ్‌కు నవ్వు రాలేదు. ముల్లు ఒక్కో గీతే దాటుతోంది. ఆమె ఒక్కో కాయే తీస్తోంది. చేతిలో చుక్కల సీసా, ముందు ఒక్కటే మిగిలిన కన్ను. చెయ్యి పట్టి లాక్కురావాలని ఉంది, లాగలేడు. ఇంకెంత సేపు అని అడగాలని ఉంది, అడగలేడు. ముప్పయ్యేళ్ళు తన అరుగు మీద నిలబడి గడియారం చూసుకున్న వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఆ మొహాల్లో చివరిది పరదా వెనక, చేతిలో బురఖా పట్టుకుని ఉంది.

ఏడు కొట్టింది. హుసేన్‌బీ చాట పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, మొహం పైకెత్తింది. ఆయన తొందరలో మొదటి చుక్క చెంప మీద పడింది.

"ఆగమేం లేదు" అన్నది ఆమె. "మెల్లగ వెయ్యి."